ప్రాణవాయువు నీటిదే

బడిలో హైడ్రిల్లా ప్రయోగం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. బీకరు నీళ్లలో నాచుమొక్క, దానిమీద బోర్లించిన గరాటు, ఆపైన పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లో ఆక్సిజన్ ఉందని అందరూ చెబుతారు. అది నీటిదా, కార్బన్ డయాక్సైడ్‌దా అన్న తగవు తెగడానికి మాత్రం నూటయాభై ఏళ్లు దాటింది.

1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాజుపాత్రలో పుదీనా రెమ్మ ఉంచాడు. కొన్నాళ్లకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. ఎండ తగిలితేనే, అదీ ఆకుపచ్చని భాగాలే ఈ పని చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ తేల్చాడు. మొక్క బరువులో నీరు కూడా చేరుతుందని 1804లో సోస్యూర్ తూచి చూపాడు. దారి తప్పింది ఆ తర్వాతే. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతోంది, ఆక్సిజన్ బయటికి వస్తోంది. కనుక ఇది దానిలోంచి విడిపోయిందే అనుకున్నారు. మిగిలిన కార్బన్ నీటితో కలిస్తే కార్బోహైడ్రేట్! పేరు కూడా అచ్చంగా అతికింది. అంత చక్కగా కుదిరిన లెక్కను ఎవరు శంకిస్తారు?

శంకించినవాడు వాన్ నీల్. ఆయన చూసింది మొక్కను కాదు, బురదలో బతికే ఊదారంగు గంధక బాక్టీరియాను. అవి వెలుతురుతోనే ఆహారం చేసుకుంటాయి గాని ఆక్సిజన్ వదలవు. నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడుకుని గంధకాన్ని మిగులుస్తాయి. అక్కడ విడిపోతున్నది హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే, మొక్కలో విడిపోవలసింది నీరే కదా అని 1930ల తొలినాళ్లలో ఆయన వాదించాడు. ఆక్సిజన్ ఊసే లేని జీవి ఆక్సిజన్ గుట్టు విప్పడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు.

అయినా అది పోలిక మీద నిలిచిన వాదమే. 1930ల చివర్లో కేంబ్రిడ్జిలో రాబిన్ హిల్ ఆకుల నుంచి హరితరేణువులను వేరుచేసి, ఎలక్ట్రాన్లు అందుకునే ఇనుప లవణం కలిపి, వెలుతురు చూపాడు. కార్బన్ డయాక్సైడ్ ప్రమేయం లేకుండానే ఆక్సిజన్ వచ్చింది. 1941లో బర్క్‌లీలో రూబెన్, కామెన్ బృందం, బరువైన ఆక్సిజన్-18 పాలు పెంచిన నీటిలో క్లోరెల్లా శైవలాన్ని ఉంచింది. వెలువడిన వాయువులో ఆ పాలు నీటిలో ఉన్నంతే ఉంది. మనం బట్టీపట్టిన సమీకరణాన్ని ఓసారి లెక్కపెట్టి చూడండి: 6 నీటి అణువుల్లో 6 ఆక్సిజన్ పరమాణువులే, బయటికి వచ్చేవి 12. అందుకే ఎడమవైపు 12 నీటి అణువులు రాసి, కుడివైపు 6 చూపాలి.

ఇక ఎలా విడిపోతుందన్న ప్రశ్న మిగిలింది. 1969లో పియర్ జోలియో, చీకట్లో ఉంచిన హరితరేణువుల మీద క్షణిక కాంతి మెరుపులు ఒకటొకటిగా పంపాడు. మూడో మెరుపుకు ఆక్సిజన్ ఎక్కువగా వచ్చింది, ఆపై ప్రతి నాలుగో మెరుపుకు. మరుసటి ఏడాది బెస్సెల్ కోక్ దీనికి అర్థం చెప్పాడు: మెరుపుకో ఎలక్ట్రాన్ చొప్పున పోయి, నాలుగు ధనావేశాలు పోగయ్యాకే రెండు నీటి అణువులు విడిపోయి ఒక ఆక్సిజన్ అణువు పుడుతుంది. చీకట్లో ఉన్నప్పుడే, నీటిని విడదీసే కేంద్రాల్లో చాలావాటికి ఒక మెట్టు ఎక్కడం అయిపోయి ఉంటుంది గనుక మొదటిసారి మూడు మెరుపులే చాలాయి.

ఆ పోగు జరిగే చోటును 2011లో జపాన్‌లో షెన్, కమియా బృందం 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపింది: నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, వాటిని కలిపే ఐదు ఆక్సిజన్ పరమాణువులు, వంకర కుర్చీ ఆకారంలో. దాన్ని పట్టుకుని ఉండే ప్రోటీన్లలో ముఖ్యమైనది డీ1. నీటిని విడదీయడం ఎంత మోటుపనో దాన్ని చూస్తే తెలుస్తుంది. మండుటెండలో అది ఊరికే పాడవుతుంటుంది. ఆకు పాతదాన్ని తీసేసి కొత్తది చేసి బిగించుకుంటూనే ఉంటుంది.