వైఫై పట్టని కొత్త టాబ్లెట్ వెనక యాభై ఏళ్ల కథ

ఎపిసోడ్ వినే టైం దొరకనివాళ్ల కోసం అందులో చెప్పిన కథంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. డ్యూటీ బస్సులో కూర్చుని చదువుకోవచ్చు.

మాకొచ్చే వాయిస్ మెసేజ్‌లలో ఒక రకం మళ్లీ మళ్లీ వస్తుంటుంది. "అన్నా, పిల్లల చదువుకని ఇక్కడ మంచి టాబ్లెట్ కొని, ఊరికి పోయేటాయనతో పంపిన. ఇంట్ల పాత ఫోన్లన్నిటికీ వైఫై వస్తున్నది, దీనికి మాత్రం వస్తలేదు. దుకాణపోడు మోసం చేసిండా?" నెలల తరబడి ఓవర్‌టైం చేసి కొన్న వస్తువు పెట్టెలోనే పడి ఉంటే కడుపు మండుతుంది. తిరిగి పంపాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఊరి నుంచి రావాలి.

చాలాసార్లు తప్పు దుకాణంవాడిదీ కాదు, టాబ్లెట్‌దీ కాదు. టాబ్లెట్ పుట్టిన సంవత్సరం ఒకటి, ఇంట్లో గోడకు వేలాడే రూటర్ పుట్టిన సంవత్సరం ఇంకొకటి. ఆ రెండింటి మధ్యలో వైఫై కట్టుబాట్లు మారిపోయాయి. ఏ కట్టుబాటు దగ్గర పేచీ వచ్చిందో తెలిస్తే ఫోన్‌లోనే సరిచేయించొచ్చు. అందుకే ముందు చరిత్ర.

1971లో హవాయి దీవుల్లో మొదలుపెడదాం. అక్కడి యూనివర్సిటీ కంప్యూటర్ ఒక దీవిలో, దాన్ని వాడాల్సినవాళ్లు వేరే దీవుల్లో, మధ్యలో సముద్రం. నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసర్, ఆయన బృందం రేడియోతో కలిపారు. ఆ నెట్‌వర్క్ పేరు అలోహానెట్. అందులో ఎవరికీ వంతులు లేవు. చెప్పాల్సింది ఉంటే చెప్పేయడమే. ఇద్దరి మాటలు ఢీకొంటే ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ చెప్పాలి. ఎవరు ఎంతసేపు ఆగాలన్నది లాటరీ లాంటిది. బ్యాచిలర్ రూంలో పది మందికి ఒకే పొయ్యి ఉంటే నడిచే పద్ధతి ఇదే కదా. పొయ్యి ఖాళీగా ఉందో లేదో చూసి గిన్నె పెట్టడం అనే మర్యాద తర్వాత వచ్చి చేరింది. ఇప్పటి వైఫై ఆ రెండూ కలిసిందే. క్యాంపులో పక్కపక్క రూముల్లో ముప్పై రూటర్లు ఉన్నచోట రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ నత్తలా నడవడానికి ఇదే కారణం.

రేడియో వాడాలంటే లైసెన్స్ కావాలి. ఆ అడ్డు తీసింది అమెరికా ఎఫ్‌సీసీ, 1985లో. కొన్ని తరంగాలను లైసెన్స్ లేకుండా వాడుకోండి అని వదిలేసింది. ఉదారంగా ఇచ్చిందని అనుకోకండి. వాటిలో ముఖ్యమైన 2.4 గిగాహెర్ట్జ్ అప్పటికే మైక్రోవేవ్ ఓవెన్ల గోలతో నిండిన చోటు. మంచి భూములు మిలిటరీకి, టీవీకి పోగా మిగిలిన చవుడు నేల అన్నమాట. కిచెన్‌లో ఓవెన్ తిరిగినంతసేపూ పక్కనున్న టాబ్లెట్ తడబడితే అది పాత ఇంటివాడి హక్కు!

ఆ నేలలో మొదట విత్తనం వేసినవాళ్లలో ఎన్‌సీఆర్ అనే క్యాష్ కౌంటర్ల కంపెనీ ఒకటి. దుకాణంలో కౌంటర్లు జరిపినప్పుడల్లా తీగలు మళ్లీ లాగడం దానికి తలనొప్పి. ఆ కంపెనీ నెదర్లాండ్స్‌లో పనిచేసే విక్ హేస్ అనే ఇంజనీరే అందరికీ ఒకే కట్టుబాటు రాయించే కమిటీని నడిపాడు. 1997లో అది బయటికొచ్చింది. సూపర్ మార్కెట్లలో క్యాషియర్లుగా చేసే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు, వైఫై పుట్టుక మీ కౌంటర్ దగ్గరే.

1999లో ఒకే కట్టుబాటుకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరు 2.4లో, ఇంకొకరు 5 గిగాహెర్ట్జ్‌లో. మొదటిది నెమ్మది, కానీ గోడలు దాటుతుంది. రెండోది వేగం, గోడ దగ్గర చతికిలబడుతుంది. మన టాబ్లెట్ గొడవలో మొదటి ప్రశ్న ఇక్కడిదే. ఇంటివాళ్లను అడగండి, "వైఫై లిస్టులో మన పేరు కనిపిస్తున్నదా?" పక్కింటి పేర్లు కనిపించి మన పేరే లేకపోతే అది రేడియో పేచీ. చవక టాబ్లెట్లు కొన్ని 2.4 మాత్రమే వింటాయి. రూటర్ 5లో మాత్రమే మాట్లాడుతుంటే వినపడదు. ఇంకో చిక్కు దేశాలది. 2.4లో అమెరికావాళ్లు 1 నుంచి 11 వరకు చానళ్లు వాడతారు, మిగతా ప్రపంచంలో ఎక్కువచోట్ల 13 వరకు వెళ్తాయి. అమెరికా లెక్కకు కట్టిన టాబ్లెట్ కొన్నిసార్లు 12, 13 చానళ్లను అసలు చూడదు. 5 గిగాహెర్ట్జ్‌లో ఇండియా చాలా చానళ్లను లైసెన్స్ లేకుండా వదిలింది 2018లోనే. కాబట్టి రూటర్ సెట్టింగ్‌లో 2.4 ఆన్ చేసి, చానల్ 1 గానీ 6 గానీ 11 గానీ పెట్టమనండి. ఈ మూడూ ఎక్కడైనా చెల్లుతాయి.

పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటే? ఇక్కడే కథ రక్తి కడుతుంది.

1997 కట్టుబాటులో తాళం పేరు డబ్ల్యూఈపీ. తీగ వేసినంత భద్రం అని దాని పేరుకు అర్థం. కానీ గట్టి తాళాలను దేశం దాటనివ్వమని అమెరికా ఆంక్షలు పెట్టిన రోజులవి. కీ కావాలనే చిన్నదిగా ఉంచారు. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు ఆ తాళం లోపలి అల్లికలోనే లోపం చూపించారు. కీని పెద్దది చేసినా లాభం లేదని తేలింది. అప్పటికే లక్షల పెట్టెలు ఇళ్లలో ఉన్నాయి. పాత పెట్టెల్లోనే నడిచేలా 2003లో డబ్ల్యూపీఏ అనే అతుకు వేశారు. 2004లో అసలు తాళం, డబ్ల్యూపీఏ2. పద్నాలుగేళ్లు అదే రాజ్యం. 2017లో మాథీ వాన్‌హూఫ్ దానిలోనూ కంత చూపించాడు, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

కొత్త టాబ్లెట్ పాత తాళాలను చూసి మొహం తిప్పుకోవడం దాని పొగరు కాదు, ఆ చరిత్ర నేర్పిన జాగ్రత్త. ఇంటి రూటర్ ఇంకా మొదటి తాళంలోనే ఉంటే కొన్ని టాబ్లెట్లు హెచ్చరిస్తాయి, కొన్ని ఒప్పుకోనే ఒప్పుకోవు. ఇంకోవైపు రెండో, మూడో తాళం కలగలిపి పెట్టిన రూటర్ దగ్గర కొన్ని టాబ్లెట్లు తికమకపడి "పాస్‌వర్డ్ తప్పు" అంటాయి. రూటర్‌లో డబ్ల్యూపీఏ2, దాని పక్కన ఏఈఎస్ అని ఉన్నది ఎంచుకుంటే ఎక్కువసార్లు తీరిపోతుంది. అది లేనంత పాత పెట్టె అయితే కేబుల్ ఆపరేటర్‌ను మార్చమని అడగండి. దానికి పెట్టే డబ్బు దండగ కాదు.

రూటర్ మీది బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిసే సదుపాయం 2007లో వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లకు అదే అలవాటు. దానిలో 2011లో పెద్ద లోపం బయటపడింది, ఆండ్రాయిడ్ 9 నుంచి దాన్ని పక్కన పెట్టేశారు. నాన్న ఎన్నిసార్లు నొక్కినా కొత్త టాబ్లెట్ పలకకపోతే నాన్న మీద విసుక్కోకండి.

ఇక మన రూముల్లో ఎక్కువగా వచ్చే పేచీ. ప్రతి పరికరానికీ పన్నెండు అక్షరాల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ఇఖామా నంబరు లాంటిది. మాల్స్‌లో దాన్ని పట్టుకుని ఏ ఫోన్ ఏ షాపు ముందు ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టడం మొదలైంది. దానికి విరుగుడుగా ఆండ్రాయిడ్ 10తో 2019లో, ఐప్యాడ్లలో 2020లో, నెట్‌వర్క్ నెట్‌వర్క్‌కూ వేరే నకిలీ అడ్రస్ చూపించే పద్ధతి వచ్చింది. మంచిదే. కానీ రూంలో వైఫై పంచుకునేచోట డబ్బు కట్టినవాళ్ల మ్యాక్ మాత్రమే ఎక్కించే పద్ధతి ఉంటుంది కదా. పెట్టె మీద రాసిన నంబర్ మీరు ఇస్తారు, టాబ్లెట్ వేరే నంబర్ చూపిస్తుంది. డబ్బు కట్టి కూడా గుమ్మం బయటే. ఆ ఒక్క వైఫైకి ప్రైవసీ సెట్టింగ్‌లో అసలు మ్యాక్ వాడమని పెట్టండి. బయటి వైఫైలకు నకిలీదే ఉండనివ్వండి.

"ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరుగుతూనే ఉంటే అది 1993 నాటి డీహెచ్‌సీపీ పని. వచ్చిన ప్రతివాడికీ రూటర్ ఒక మంచం నంబర్ ఇస్తుంది. మంచాలు అయిపోతే కొత్తవాడు నిలబడాల్సిందే. వెళ్లిపోయినవాడి నంబర్ కూడా గడువు తీరేదాకా వాడి పేరు మీదే ఉంటుంది. రూటర్ ఆపి వేస్తే లెక్క చాలావరకు మళ్లీ మొదలవుతుంది.

కలిసింది కానీ ఇంటర్నెట్ లేదంటే ముందు తేదీ చూడమనండి. పెట్టెలో బ్యాటరీ చచ్చి పడున్న టాబ్లెట్ ఏ పాత సంవత్సరంలోనో నిద్ర లేస్తుంది. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని అన్నీ మూసేస్తుంది.

ఒక్కటి మాత్రం చేయనివ్వకండి. రూటర్ వెనక సూది పట్టేంత రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. మన ఊళ్లలో చాలా కనెక్షన్లకు ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రూటర్ లోపలే రాసి ఉంటాయి. సూది గుచ్చితే అవీ పోతాయి, పాత ఫోన్లకు వచ్చే వైఫై కూడా ఆగిపోతుంది. ఆపరేటర్ కుర్రాడు వచ్చేదాకా మీకు ఇంటితో వీడియో కాల్ కూడా ఉండదు.