మేడ్చల్‌లో ముస్తఫా

మేడ్చల్, శామీర్‌పేట వైపు వీడియో గేమ్‌ల చరిత్ర చెప్పాలంటే కంపెనీల పేర్లతో మొదలుపెట్టి లాభం లేదు. మా తరంలో ఆ మిషన్ ఎవరికీ సొంతం కాదు, అంతా కిరాయికే. అంతకుముందు బొమ్మల కథలూ అంతే. 1947లో మద్రాసులో పుట్టిన చందమామ ఒక ఇంట్లో కొంటే నాలుగిళ్లు తిరిగి, అట్ట ఊడి వెనక్కి వచ్చేది. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ గారి పేరు మాలో చాలామందికి తెలియదు. ఆ బొమ్మ తెలియని పిల్లవాడు మాత్రం లేడు.

తొంభైల్లో హైవే పక్కన, కిరాణా దుకాణాన్ని ఆనుకుని ఒక చీకటి గది, గుమ్మానికి పరదా. లోపల చెక్క డబ్బాల్లో టీవీలు. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. స్ట్రీట్ ఫైటర్ ఉండేది, తర్వాత కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 వచ్చింది. ఎన్ని వచ్చినా జనం ఎగబడేది ముస్తఫా దగ్గరే. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. తెర మీద అంత పెద్ద అక్షరాల్లో ఉన్నా పట్టించుకున్నదెవరు? నలుగురు హీరోల్లో టోపీ పెట్టుకుని అందరికన్నా వేగంగా ఉరికేవాడు ముస్తఫా. జాక్, హన్నా ఎక్కడివాళ్లో మాకేం తెలుసు? ముస్తఫా అనేవాడు ప్రతి గల్లీలో ఉండేవాడు. 1996లో ప్రేమదేశం సినిమాలోని ముస్తఫా పాట కూడా తోడైంది, ఇంకేముంది!

ఉరికి, ఎగిరి తన్నడం అతని సొత్తు. రౌడీలు చుట్టుముడితే అటాక్, జంప్ రెండు బటన్లూ కలిపి నొక్కాలి. మందంతా చెల్లాచెదురవుతుంది, మన ప్రాణం గీత కూడా కాస్త తరుగుతుంది. ఆ లెక్క తెలియనివాడు రెండో స్టేజిలో కత్తులు తిప్పే కసాయి దగ్గరే బిళ్ళ పోగొట్టుకునేవాడు. మూడో స్టేజిలో కారెక్కితే వెనక నిలబడ్డవాళ్లు ఒకటే అరుపులు. "అన్నా, ఒక్క లైఫ్ నాకియ్యవా" అని బతిమాలేవాళ్లూ అక్కడే. ఎనిమిది స్టేజిలూ ఒకే బిళ్ళతో దాటేవాడికి సర్పంచ్‌కన్నా ఎక్కువ మర్యాద. దుకాణం ఆయనకు మాత్రం వాడంటే మంట, గల్లా నిండదు కదా! ఇప్పుడు కొంపల్లి అపార్ట్‌మెంట్లలో ప్లేస్టేషన్ ముందు ఒక్కడే కూర్చుని ఆడే పిల్లల్ని చూస్తే నాకు జాలే. వెనక సలహాలు చెప్పి చెడగొట్టేవాడు లేకపోతే అదేం ఆట?

ఇళ్లలోకి వచ్చినవి సమురాయ్, లిటిల్ మాస్టర్. నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. క్యాసెట్ మీద 9999999 ఆటలని అచ్చేసేవారు. లోపల తిప్పి తిప్పి అవే మారియో, కాంట్రా. చెడిపోతే 229 బస్సెక్కి సికింద్రాబాద్ పోయి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాల్సిందే. ఆ తర్వాత నెట్ సెంటర్లలో గంటల లెక్కన కౌంటర్ స్ట్రైక్. 2015లో సెల్‌కాన్ ఫోన్ల ఫ్యాక్టరీ మేడ్చల్‌కే వచ్చింది. అప్పటికే ఆట జేబులోకి చేరుతోంది, గదికి తాళం పడింది.

2020 సెప్టెంబర్ 2న పబ్‌జీని నిషేధిస్తే మా గల్లీ కుర్రాళ్లు అన్నం మానేసినంత పనిచేశారు. అదే నెల 29న శంకర్ గారు పోయారు. ఆ సంగతి నేను చెబితే తప్ప వాళ్లకు తెలియలేదు.

ముస్తఫా ఆట కూడా ఒక కామిక్ నుంచే పుట్టిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మార్క్ షుల్ట్జ్ గీసిన జెనోజోయిక్ టేల్స్, 1987 నుంచి 1996 దాకా 14 సంచికలు. నలుపు తెలుపుల్లో ఆ అడవులు, ఆ డైనోసార్లు చూస్తే కళ్లు తిప్పుకోలేం. గీతలో షుల్ట్జ్‌కు తిరుగులేదు. కథలో హీరో మాత్రం జాక్, ముస్తఫా అప్పుడప్పుడు కనిపించి పోయే స్నేహితుడు. ఈ ఒక్క విషయంలో ఆయనకన్నా మేడ్చల్ పోరగాళ్లకే ఎక్కువ తెలుసంటాను.