బుడతకీచుల ఓడా, గోల్కొండ బాటా? కృష్ణా డెల్టాకు అమెరికా పంటల రాకపై ఒక పునఃపరిశీలన

మిరప, పొగాకు, మొక్కజొన్న, జామ ఎక్కడివని అడిగితే మన స్థానిక చరిత్రల్లో తరచూ కనిపించే జవాబు ఒక్కటే: బుడతకీచులు, అంటే పోర్చుగీసువారు, తెచ్చారు. గోవా రేవులో దిగిన విత్తనం బందరు సీమ పొలందాకా ఎలా నడిచి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం ఆ జవాబులో చోటు లేదు. విజయవాడకు ఎగువా దిగువా కృష్ణ లంకల్లో వరద తీశాక మిగిలే ఒండ్రును, దాన్ని నమ్ముకున్న సేద్యాన్ని చూసినకొద్దీ ఈ లోటు మరింత స్పష్టమైంది.

ఈ చర్చకు పునాది వేసిన ఆల్ఫ్రెడ్ క్రాస్బీతోనే మా పేచీ. 1972లో వచ్చిన ఆయన 'ది కొలంబియన్ ఎక్స్ఛేంజ్' ప్రధానంగా ఐరోపా, అమెరికాల మధ్య జరిగిన మార్పిడి కథ. అమెరికా తిండిపంటలు పాత ప్రపంచపు జనాభాను ఎలా పెంచాయో చెప్పడానికి ఆయన ఒక అధ్యాయం కేటాయించారు. కానీ అందులో కనిపించేది జనాభా లెక్క, రైతు కనిపించడు. అమెరికాలో మశూచి, తట్టు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టాక ఐరోపా పశువులు, పంటలు ఆ నేలను ఆక్రమించాయి. డెల్టాకు మశూచి కొత్త కాదు. ఇక్కడ నేల ఖాళీ కాలేదు. కొత్త మొక్క బతకాలంటే రైతు ఒప్పుకోవాలి.

పొగాకునే చూద్దాం. 1604 ప్రాంతంలో మొగలు దూత అసద్ బేగ్ దాన్ని బీజాపూరులో చూసి అక్బరు కొలువుకు పట్టుకెళ్లాడు. బీజాపూరుకు పొరుగు రాజ్యం గోల్కొండ. గోల్కొండకు సముద్రద్వారం మచిలీపట్నం, అంటే బందరు. 1618 నుంచి 1622 వరకు అక్కడి ఇంగ్లీషు కొఠీలో ఉన్న విలియం మెథ్వోల్డ్ వృత్తాంతం 1626లో అచ్చయింది. గోల్కొండ రాజ్యపు పొగాకు ఎర్రసముద్రపు మోఖాకూ, తూర్పున అరకానుకూ ఎగుమతవుతోందని అందులో ఉంది. ఇరవై ఏళ్లు కూడా తిరగకముందే పరదేశపు మొక్క ఎగుమతి సరుకయిందన్నమాట! ఆ ఎగుమతి గమ్యాలు ఐరోపా రేవులు కావు, ఆసియా రేవులు. బందరుకు ఐరోపా కంపెనీలను రప్పించింది నూలుబట్ట. పొగాకు వాటి ప్రధాన వ్యాపారం కాదు. కాబట్టి ఈ పంటను ముఖ్యంగా నడిపించినది బీజాపూరు వైపు నుంచి బందరుకు వచ్చే గోల్కొండ బాట, ఆ బాట మీది పారశీక, తెలుగు వర్తకులు అయి ఉండవచ్చు. 1606 నుంచి బందరులో కొఠీ నడిపిన డచ్చివారి ఓడల్లోనూ విత్తనాలు వచ్చి ఉండవచ్చు.

నేల సంగతి ఇంకా ముఖ్యం. డెల్టా అంటే వరి అనుకోవడం మనకు అలవాటు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. అంతకుముందు ఇక్కడి సాగులో ఎక్కువ భాగం వాననూ వరదనూ నమ్ముకున్నదే. నందన కరువు (1832-33) ఆ నమ్మకం ఎంత పెళుసో చూపింది. కాలవల్లేని ఆ నేలకు మిరప, పొగాకు అతికినట్టు సరిపోయాయి. పొగాకు వచ్చిన దారినే మిరపా వచ్చి ఉండవచ్చు. డెల్టా వ్యవసాయంలో తొలి విప్లవం ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట కాలవలది కాదు. అంతకు రెండు శతాబ్దాల ముందే మెట్టరైతు చేసి చూపినది. కొలంబియన్ మార్పిడి చరిత్రను అట్లాంటిక్ రేవుల నుంచి కాక గోల్కొండ బాట నుంచి మళ్లీ రాయాలి.