వెన్నుపాములో ఇంప్లాంట్.. 16 మందిలో 7 మందికి మార్పు కనిపించినా ఎందుకు ఆగిపోయింది?

యాక్సిడెంట్‌లోనో, ఎత్తు నుంచి పడటం వల్లో వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే ఆ కింది భాగం చచ్చుబడిపోతుంది. తొలి రోజుల్లోనే లోపలి కణజాలం చనిపోయి అక్కడ ఓ గుంత మిగులుతుంది. దెబ్బతిన్న నరాల పోగులు దాన్ని దాటి పెరగలేవు. మరి ఆ గుంతలో ఏదైనా ఆసరా పెడితే?

అమెరికాకు చెందిన ఇన్‌వివో థెరప్యూటిక్స్ చేసిన ప్రయత్నం ఇదే. దీని పేరు న్యూరో-స్పైనల్ స్కాఫోల్డ్. స్కాఫోల్డ్ అంటే పరంజా. చూడటానికి స్పాంజ్ ముక్కలా చాలా చిన్నగా ఉంటుంది. కరిగిపోయే కుట్లలో వాడే తరహా పాలిమర్‌తో చేస్తారు. ఇందులో మందు ఉండదు, స్టెమ్ సెల్స్ కూడా ఉండవు. కణాలు పట్టుకుని పెరగడానికి ఆసరా ఇచ్చి, కొన్ని వారాల్లో అదే కరిగిపోతుంది.

2014 అక్టోబర్‌లో ఫీనిక్స్‌లోని బారో న్యూరోలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో తొలి పేషెంట్‌కి దీన్ని అమర్చారు. ఛాతీ స్థాయిలో పూర్తి గాయమై, కింద స్పర్శ, కదలిక రెండూ లేని వాళ్లనే (ఏ గ్రేడ్) తీసుకున్నారు. 6 నెలల తర్వాత పరీక్షించిన 16 మందిలో 7 మందికి గ్రేడ్ మెరుగుపడింది. మెరుగుపడటం అంటే లేచి నడిచారని కాదు. ఏ నుంచి బీకి మారితే వచ్చేది కొంత స్పర్శ మాత్రమే, కదలిక కాదు. అయినా మంచంలో ఉన్న మనిషికి అది చిన్న విషయమేం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ స్టడీలో అందరికీ ఇంప్లాంట్ పెట్టారు, పోల్చి చూడటానికి పెట్టనివాళ్లు లేరు. మామూలు సర్జరీ, ఫిజియోథెరపీతోనే కొందరికి గ్రేడ్ మారుతుంది. అందుకే రెండో స్టడీలో 20 మందిని లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేశారు. 2023లో ఫలితం వచ్చింది. ఇంప్లాంట్ పెట్టినవాళ్లలో 20 శాతం మందికి, పెట్టనివాళ్లలో 30 శాతం మందికి మెరుగుదల! సంఖ్య చిన్నదే కాబట్టి ఇంప్లాంట్ హాని చేసిందని చెప్పలేం. కానీ మేలు చేసిందన్న లెక్క మాత్రం నిలబడలేదు. 2024 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

‘రీజెనరేటివ్’ అనే మాటతో మన దగ్గర ఎక్కువగా వినిపించేది స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్. ఎవరైనా ప్యాకేజీ రేటు చెబితే ముందు అడగాల్సింది కూడా ఇదే, ఇంప్లాంట్ లేదా ఇంజెక్షన్ తీసుకోనివాళ్లతో పోల్చి చూశారా అని. 2017 ఐసీఎంఆర్ గైడ్‌లైన్స్ ప్రకారం వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్స్‌ను అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో తప్ప బయట వాడకూడదు.