జవాబిచ్చిన ఆకాశం

2020 జనవరి 31తో బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆగిపోయాయి. 1940 మే 11న, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా మొదలైన గొంతు అది. ఇంకో మూడు నెలల పైచిలుకు ఓపిక పడితే ఎనభై ఏళ్లు నిండేవి. పెద్దగా ఎవరూ ఏడవలేదు. ఏడవాల్సినవాళ్లలో చాలామంది అప్పటికే పోయారు, మిగిలినవాళ్లకి చెవులు సరిగా పనిచెయ్యవు.

బాగ్‌బేరాలో మా పాత వీధి వాళ్లకి మాత్రం అది ఇంటి కబురే. టాటానగర్ స్టేషన్ దాటితే బాగ్‌బేరా, అటు ఖర్కాయి నది. జంషెడ్‌పూర్ అంటే అందరికీ ఉక్కు గుర్తొస్తుంది, మాకు రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఈ లైన్ల వెంబడి ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, టాటానగర్ చేరుకున్నారు. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెని నడిపించిన వి.వి.గిరి కూడా మనవాడే కదా. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, చేపల బజారులో బెంగాలీ. ఊరినుంచి ఉత్తరం రావడానికి రోజులు పట్టేది. ఊరివైపు నుంచి వచ్చే అలెప్పీ బండిలో ఎవరైనా దిగితే చింతపండుతోపాటు నాలుగు కబుర్లు దిగేవి. ఆ రోజుకి ఆ రోజు తెలుగు వినాలంటే మాత్రం ఒకటే దారి, రేడియో.

అదీ పగలు కుదరదు. పగటిపూట ఆకాశం కింది పొర ఆ రేడియో తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర పలచబడుతుంది, పైపొర వాటిని అద్దంలా తిప్పి కొడుతుంది. అప్పుడు 60 మీటర్ల బ్యాండు మీద, 4800 కిలోహెర్ట్‌జ్ దగ్గర, హైదరాబాద్ పలికేది. పలకడమంటే శుభ్రంగా కాదు. కాసేపు గదిలో కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా, కాసేపు నూతిలోంచి వచ్చినట్టు. గోడ ఈ చివరినుంచి ఆ చివరికి రాగితీగల జాలీ పట్టీ కట్టి, దాని తోక రేడియో వెనక్కి దూర్చేవాళ్లు. ముల్లుని వెంట్రుకవాసి జరిపితే చైనా, ఇంకాస్త జరిపితే ఒట్టి ఈల. వానాకాలంలో ఎక్కడో పిడుగు పడితే వార్తల్లో సగం వాక్యం పోయేది. ఆ సగం ఏమై ఉంటుందా అని వీధి అరుగు మీద వాదన. జోలెపాళెం మంగమ్మ లాంటివాళ్లు ఢిల్లీలో కూర్చుని తెలుగు వార్తలు చదువుతుంటే మేము టాటానగర్‌లో కూర్చుని ఖాళీలు పూరించేవాళ్లం.

పాటల సంగతి వేరు. 1952లో సమాచార మంత్రి కేస్కర్ గారు సినిమా పాటలు జనాన్ని పాడుచేస్తాయనుకుని ఆకాశవాణిలో వాటికి దాదాపు తలుపులు మూసేశారు. ఆ ఏడు డిసెంబరులోనే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టాడు. బుధవారం రాత్రి ఎనిమిదింటికి దేశం దేశమే కొలంబో వైపు చెవి తిప్పింది. ఢిల్లీ కళ్లు తెరిచి వివిధ భారతి పెట్టేసరికి 1957 అక్టోబర్ వచ్చింది. తెలుగు పాటలకీ సిలోనే దిక్కు. అక్కడి అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు ఉచ్చారణలో సింహళ ద్వీపపు గాలి తగిలేది, మా ఆడవాళ్లకి అదే ముద్దు. ఇప్పటి మా జార్ఖండ్‌లోనే అభ్రకం గనుల ఊరు ఝుమ్రీ తిలయ్యా ఉంది. పాట కోరుతూ అక్కడినుంచి ఎన్ని ఉత్తరాలు వెళ్లేవంటే, అసలు అలాంటి ఊరు ఉందా, అనౌన్సర్లు కల్పించారా అని దేశం అనుమానపడింది. అభ్రకం బేరాలు పడిపోయినా ఊరి పేరు మాత్రం రేడియో పుణ్యాన నిలిచింది.

మా వీధి ఝుమ్రీ తిలయ్యా కాదు. మాకు పాటల పిచ్చి కొంచెమే, దూరాల పిచ్చి ఎక్కువ. ఆ పిచ్చికి పెద్ద మా పక్కింటి గార్డు మావయ్య. గూడ్సు బండి గార్డు. ఆయన దగ్గర రెండు వాచీలు, ఒకటి రైల్వే టైముకి, రెండోది గ్రీనిచ్ టైముకి. డ్యూటీ దిగి స్నానం చేసి, లుంగీ కట్టుకుని సెట్టు ముందు కూర్చున్నాడంటే అత్తయ్య అన్నం గిన్నె మూత పెట్టేసేది. పక్కన రూళ్ల నోట్‌బుక్కు. ఏ స్టేషను, ఎన్ని కిలోహెర్ట్‌జ్, ఎన్ని గంటలకి ఏం చెప్పారు, ఏ వాయిద్యం మోగింది, అన్నీ రాసేవాడు. చివర అయిదంకెలు. బలం ఎంత, పక్క స్టేషన్ల రొద ఎంత, గరగర ఎంత, ఎగుడుదిగుడు ఎంత, మొత్తంమీద ఎలా ఉంది. ఒక్కొక్కదానికి అయిదుకి ఎన్ని మార్కులో. 34233 అని రాసి, పెన్ను ఆపి, మూడో అంకె దగ్గర ఎప్పుడూ వివరణ జోడించేవాడు. గరగరకి కారణం ఎలక్ట్రిక్ ఇంజను.

అది సాకు కాదు. దేశంలో 25 కిలోవోల్టుల ఏసీ కరెంటుతో మొదటి బండి పరుగెత్తింది మా పక్కనే, 1959 డిసెంబర్‌లో, కేంద్‌పోసి - రాజ్‌ఖర్‌సావాన్ మధ్య. పైతీగకీ ఇంజను నెత్తిమీది పట్టీకీ మధ్య నీలంగా మెరుపు చిమ్మితే, అదే క్షణాన మా స్పీకరులో బరబరమని చింపినట్టయ్యేది. ఖనిజం బండి వెళ్లినంతసేపూ మాస్కో మాట్లాడటం మానేసేది. మావయ్య తన ఉద్యోగాన్ని తనే తిట్టుకునేవాడు.

అవన్నీ కలిపి స్టేషనుకి రాసిన రిపోర్టు పోస్టులో పడ్డాక నెలలు గడిచేవి. ఒకరోజు పోస్టుమాన్ సైకిలు ఆపి విదేశీ బిళ్లల కవరు ఇచ్చేవాడు. లోపల క్యూఎస్‌ఎల్ కార్డు. మీరు విన్నది మా స్టేషనే, నిజమే అని సంతకం. రేడియో మాస్కో వాళ్లు తెలుగులోనూ ప్రసారం చేసేవారు, క్యాలెండర్లూ పంపేవారు. వాళ్ల రాజకీయాలతో మావయ్యకి నిమిత్తం లేదు, ఆయనది ఏడుకొండలవాడి పార్టీ. లెనిన్ బొమ్మ పక్కనే వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. నలుగురు చేరితే లిజనర్స్ క్లబ్బు, రబ్బరు స్టాంపు చేయిస్తే అది అంతర్జాతీయ క్లబ్బు. నవ్వులాటగా ఉండొచ్చు. కానీ ఆఫీసులో ఎవరూ పేరుపెట్టి పిలవని మనిషికి, మాస్కోలో ఒక గుమాస్తా పేరు తప్పుల్లేకుండా టైపు కొట్టి పంపితే ఎలా ఉంటుందో నేను ఆ ముఖంలో చూశాను. మేము పోగొట్టుకున్నది పాటలూ వార్తలూ కాదు. అవి ఇప్పుడు కావలసినదానికన్నా ఎక్కువే దొరుకుతున్నాయి. పోయింది ఆ జవాబు.

1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ చనిపోయారని బీబీసీ పగలే చెప్పేసింది. ఆకాశవాణి నోరు విప్పేసరికి సాయంత్రం ఆరు. బెంగాల్‌లో ఉన్న రాజీవ్‌గాంధీ కూడా బీబీసీ విన్నారంటారు. ఆ పూట మావయ్య వరండాలో నిలబడ్డ జనాన్ని చూస్తే ఆ డబ్బాకి ఎంత పరువుందో తెలిసేది. షార్ట్‌వేవ్‌కి అదే శిఖరం అనుకుంటాను.

పతనం ఒక్కరోజున రాలేదు. ముందు టీవీ వచ్చి బుధవారాలని ఎత్తుకుపోయింది. 1991లో సోవియట్ యూనియన్ కూలింది, 1993లో రేడియో మాస్కో పేరే మారిపోయింది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక మమ్మల్ని ఒప్పించాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. అంతదాకా ఎవరు పోటీపడితే మాకెందుకు, రెండువైపులా క్యాలెండర్లు వచ్చేవి! వాయిస్ ఆఫ్ అమెరికా హిందీ 2008లో గొంతు మూసుకుంది, జర్మనీ వాళ్ల హిందీ 2011లో. రేడియో నెదర్లాండ్స్ 2012లో, ఆస్ట్రేలియా 2017లో షార్ట్‌వేవ్‌ని వదిలేశాయి. ఫిలిప్పీన్స్ నుంచి తెలుగు కూడా వినిపించిన రేడియో వెరితాస్ 2018 జూన్ 30న కట్టేసింది. లెక్కల పుస్తకం చూసినవాడు ఎవడైనా అదే చేస్తాడు. వందల కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు వినేవాడు ఒక్కడైనా కోటిమందైనా అంతే కరెంటు తింటుంది. బెంగళూరులో ఆకాశవాణికి 500 కిలోవాట్లవే ఉన్నాయి, ఆ బిల్లు ఊహించుకోండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పుకోరు. మేమూ చేతులారా చంపుకున్నాం. ఎల్ఈడీ బల్బు, ఫోను చార్జరు, ఇన్వర్టరు, ఇవన్నీ షార్ట్‌వేవ్ మీద సన్నటి రొద కక్కుతాయి. ఖనిజం బండి వెళ్లిపోయాక ఆగేది, ఈ రొద ఆగదు. రిటైరై ఇల్లు కట్టుకున్న మావయ్య, వినాలనుకున్నప్పుడు మెయిన్ స్విచ్చి ఆపేయమని కోడలితో గొడవపడేవాడు. కోడలిది న్యాయమే. సీరియల్ మధ్యలో కరెంటు తీస్తే ఎవరు ఊరుకుంటారు?

విచిత్రమేమిటంటే బీబీసీ తెలుగులో మాట్లాడింది 2017 అక్టోబర్ 2న. అదీ ఇంటర్నెట్‌లో. అన్నేళ్లూ హిందీలో బీబీసీ విని, మాకు తెలుగులో చెప్పడం మావయ్య వంతయ్యేది. ఆ పని అవసరం లేకుండా పోయిన రోజుకి ఆయనకి ఫోను తెర మీది అక్షరాలు కనపడటం మానేశాయి.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, అటువైపు ఇంటర్నెట్ నమ్మలేమని 2022 మార్చిలో బీబీసీ మళ్లీ షార్ట్‌వేవ్ మీటలు నొక్కింది. రోజుకి నాలుగు గంటలు ఇంగ్లీషు వార్తలు. ఆ ముక్క ఆయనకి ఫోన్‌లో చెప్పాను. యుద్ధం ఎవరిది, ఎవరు గెలుస్తున్నారు అని అడగలేదు.

"ఏ బేండు మీదరా?"

"15735, 5875, మావయ్యా."

"పంతొమ్మిది మీటర్లు, నలభై తొమ్మిది," అన్నాడు వెంటనే. "పంతొమ్మిది మీద మనకీ తగలొచ్చు. ఆ కోడలిపిల్లకి ఫోనిస్తాను, నువ్వే చెప్పు, సెట్టు అటక మీద పెట్టింది."