చప్పుడు తగ్గిన ఇంజను: మన ప్రాంతపు గ్యాస్ బండ్ల కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, బదిలీల గురించో, వేతన సవరణల గురించో వ్రాద్దామనుకొన్నాను. అవి మీలో చాలామందికి నాకంటె బాగా తెలుసు. 1968 నుండి 2004 వరకు, ముప్పది ఆరు సంవత్సరాలు వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కనుక నాకు తెలిసిన ఇంజన్ల చరిత్రే వ్రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాటు కూడ ఒకటున్నది. దానిని ఇంతవరకు నలుగురిలో చెప్పలేదు.

నాయన కాలపు బొగ్గు గ్యాసు

మోటారు బండిని గ్యాసుతో నడపడం ఈ మధ్య వచ్చిన సంగతి అని మన పిల్లలు అనుకొంటారు. మా నాయన రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆదోని, ఎమ్మిగనూరు మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సులో క్లీనరుగా ఉండేవారు. అప్పటికి మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కదా ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి! ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం అప్పుడప్పుడే ఎదుగుతున్న రోజులు. బస్సుపైన బట్టల మూటలు, నూలు కట్టలు, లోపల జనం.

యుద్ధం వలన పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సుల వెనుక నిలువుగా ఒక డ్రమ్ము బిగించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించేవారు. అట్లా మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడు, కొద్దిపాటి హైడ్రోజను ఇంజనులోకి పోయి మండేవి. మిగిలినదంతా మండని నైట్రోజనే. తెల్లవారుజామున బస్సు బయలుదేరడానికి చాలాముందే క్లీనరు లేచి, నిప్పు రాజేసి, చేతితో బ్లోయరు తిప్పాలి. ఆ గ్యాసు విషం. గాలి ఆడని షెడ్డులో తిప్పితే తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉండేదని నాయన చెప్పేవారు. ఇంజను బలంలో మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువే పోయేది. ఎత్తు వచ్చిందంటే జనం దిగి నడవవలసిందే.

దానికంటె పెద్ద నష్టం లోపల జరిగేది. గ్యాసును ఎంత వడగట్టినా సన్నని బూడిద కొంత ఇంజనులోకి పోతుంది. అది ఆయిలుతో కలిసి, మేము వాల్వులను నూరడానికి వాడే గ్రైండింగ్ పేస్టువలె తయారవుతుంది. సిలిండరు గోడలు, పిస్టను రింగులు త్వరగా అరిగిపోతాయి. పైగా మనది నల్లరేగడి నేల. ఆ దుమ్ము ఎట్లాగూ ఉండనే ఉన్నది. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే ఆ డ్రమ్ములన్నీ ఊడదీశారు. నాకు ఇంజన్లమీద ఆసక్తి పుట్టింది ఆ కథలు వినే. "గ్యాసు అంటే బోరు అరిగిపోతుంది" అన్న మాట కూడ అప్పుడే నా మనసులో పడిపోయింది.

వంటింటి సిలిండరు డిక్కీలోకి

వంట గ్యాసు, అనగా ఎల్.పి.జి., వేరే వస్తువు. పెట్రోలియం శుద్ధిలో వచ్చే ప్రొపేన్, బ్యూటేన్‌లను ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. ఇందులో బూడిద లేదు, మసి లేదు. మన దేశంలో బర్మా షెల్ వారు 1955లో బొంబాయిలో దీనిని అమ్మడం మొదలుపెట్టారు. ఇండేన్ 1965లో కలకత్తాలో వచ్చింది. మనవంటి ఊళ్ళలోని వంటిళ్ళకు చేరడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. జపాన్‌లో టాక్సీలు, ఇటలీలో సొంత కార్లు ఎన్నో ఏళ్ళుగా ఈ గ్యాసుతో నడుస్తున్నా, మన దేశంలో 2000 వరకు మోటారు వాహన చట్టం దానికి చోటివ్వలేదు.

చట్టం ఒప్పుకోకపోయినా జనం ఆగలేదు. పెట్రోలు ధర పెరుగుతూ పోయింది. వంట గ్యాసుకు ప్రభుత్వం రాయితీ ఇచ్చేది. 14.2 కిలోల సిలిండరులో ఉండే శక్తి సుమారు 20 లీటర్ల పెట్రోలుతో సమానం. దాని ఖరీదు మాత్రం అందులో సగం కూడ ఉండేది కాదు. ఈ లెక్క తెలిసిన తరువాత టాక్సీవాడు ఊరుకొంటాడా!

మా తమ్ముడు ఆదోనిలో టాక్సీ నడిపేవాడు. 1489 సీసీ పెట్రోలు ఇంజను ఉన్న పాత అంబాసిడర్ కారు. గురువారాలు మంత్రాలయం, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి, జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర, పత్తి కాలంలో వ్యాపారస్తుల రాకపోకలు. బండికి పని ఉండేది కాని పెట్రోలు ఖర్చు పోగా మిగిలేది తక్కువ. డీజిలు ఇంజను వేయించడానికి డబ్బు లేదు. 1998లో ఉగాది వెళ్ళిన తరువాత ఒకనాడు ఇంటికి వచ్చి, "అన్నా, గ్యాసు కిట్టు పెట్టిస్తామనుకొన్యా. ఇంజను పాడైతాదా? నువ్వు చెప్తేనే పెట్టిస్తా" అన్నాడు.

నేను నాయన చెప్పిన బూడిద సంగతి ఆలోచించాను. ఇందులో బూడిద లేదు కదా, బోరుకు భయం లేదనుకొన్నాను. "పెట్టించుకో" అన్నాను. చట్టవిరుద్ధమని తెలుసు. వెనుక సీటులో భక్తులు కూర్చుంటే వారి వీపు వెనుక వంటింటి సిలిండరు ఉంటుందని తెలుసు. ఊరంతా చేస్తున్నారులే అనుకొన్నాను. మా ఇంటి సిలిండరు కూడ కొన్నిసార్లు ఆ డిక్కీలోకే పోయింది. నా భార్య కిరసనాయిలు స్టవ్వు వెలిగించుకొంటూ, "ఏమండీ, ఈ గ్యాసు కనెక్షను నాకు ఇప్పించినారా, మీ తమ్ముని బండికి ఇప్పించినారా?" అని అడిగేది. నావద్ద జవాబు లేదు.

ఇంజను మెత్తబడింది

కిట్టు పెట్టిన తరువాత బండి చాలా బాగా నడిచింది. నడుస్తున్న ఇంజను వేడినీళ్ళతో గ్యాసు ఆవిరై, రెగ్యులేటరు గుండా కార్బురేటరు నోటివద్ద గాలితో కలిసేది. ఉదయం పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కిన తరువాత గ్యాసుకు మార్చేవాడు. ఆయిలు మార్చేటప్పుడు చూస్తే నల్లబడక తేనె రంగులోనే ఉండేది. దానికి కారణం ఉన్నది. పెట్రోలు చల్లని ఇంజనులో పూర్తిగా ఆవిరి కాక, సిలిండరు గోడమీది ఆయిలు పొరను కడిగివేస్తుంది. ఆయిలులో కలిసి దానిని పలుచన చేస్తుంది. గ్యాసు ఆవిరి రూపంలోనే వస్తుంది కనుక ఆ పని చేయదు. అందువలన బోరు, రింగులు, బేరింగులు ఎక్కువ కాలం వస్తాయి. నేను వర్క్‌షాపులో ఈ సంగతి గొప్పగా చెప్పుకొన్నాను.

1999 దసరాకు తమ్ముడు వచ్చి, "అన్నా, ఇంజను చప్పుడు బాగా తగ్గింది. ట్యాపెట్లు వినపడనే వినపడవు. తెల్లారి స్టార్టింగు మాత్రం కొంచెం కష్టంగా ఉండాది" అన్నాడు.

నేను నవ్వి, "చప్పుడు తగ్గితే సంతోషించాలిరా. బ్యాటరీ చూపించుకో" అన్నాను.

నేను చేసిన పొరపాటు అది. అంబాసిడర్ ఇంజనులో వాల్వుకు, దానిని నొక్కే రాకరుకు మధ్య పదిహేను థౌల సందు ఉంచుతాము. అనగా మిల్లీమీటరులో మూడవ వంతు కంటె కొంచెం ఎక్కువ. ఆ సందు ఉన్నంతకాలం టక్‌టక్ అని చిన్న చప్పుడు వస్తుంది. వాల్వు తన సీటులోకి కూరుకొనిపోతే వాల్వు కాడ పైకి జరిగి ఆ సందు మూసుకొనిపోతుంది. చప్పుడు ఆగిపోతుంది. ఫీలర్ గేజి పెట్టి చూస్తే ఐదు నిమిషాలలో తెలిసేది. మా వర్క్‌షాపులో ఉన్నవన్నీ డీజిలు బండ్లు. వాటి సీట్లు గట్టి లోహపు రింగులు. పెట్రోలు ఇంజను సంగతి నాకు తెలుసుననుకొన్నానే గాని తెలియదు.

2000 సంవత్సరం శ్రావణంలో, ఉరుకుందకు జనాన్ని ఎక్కించుకొని పోతుండగా బండి బలం తగ్గి, ఒక సిలిండరు కొట్టడం మానివేసింది. జనాన్ని వేరే బండి ఎక్కించి, ఎద్దులతో లాగించుకొని వచ్చాడు. హెడ్డు విప్పితే మూడవ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచు కాలి ముక్క ఊడిపోయి ఉన్నది. మిగిలిన మూడు ఎగ్జాస్టు వాల్వులు కూడ సీట్లలోకి దిగిపోయి ఉన్నవి. బోరు చూస్తే గీతలు లేవు, అరుగుదల లేదు. కింద భాగం కొత్త ఇంజనువలె, పైభాగం పాత ఇనుమువలె ఉన్నది.

సీసం చేసిన పని

బళ్ళారిలో ఒక ముసలి లేత్ మేస్త్రీ ఆ హెడ్డు చూచి, "సార్, పెట్రోల్‌లో సీసం ఉండె. అదే సీటును కాపాడుతుండె. గ్యాసులో అది యాడిది?" అన్నాడు. తరువాత పుస్తకాలు వెదికి చదివితే అతడు చెప్పినది అక్షరాలా నిజం.

1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ వద్ద పనిచేసే థామస్ మిడ్గ్‌లీ, పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను నాకింగు ఆగుతుందని కనుగొన్నాడు. అది చేసే మరొక పని తరువాత తెలిసింది. మండిన సీసం వాల్వుకు, సీటుకు మధ్య పలుచని పొరగా ఏర్పడుతుంది. ఎర్రగా కాలిన వాల్వు నిమిషానికి వేయిసార్లకు పైగా సీటుమీద పడుతుంది. మధ్య పొర లేకపోతే ఇనుము ఇనుముకు చుక్క చుక్కగా అతుక్కొని, లేచేటప్పుడు రజను రజనుగా చినిగి వస్తుంది. అంబాసిడర్ పాత ఇంజనులో ఎగ్జాస్టు సీటు వేరే రింగు కాదు, పోత ఇనుము హెడ్డులోనే కోసినది. మెత్తని లోహం. గ్యాసు పాళ్ళు సరిగా కుదరక గాలి ఎక్కువైతే వేడి ఇంకా పెరుగుతుంది. నిండా జనం, దూర ప్రయాణాలు. సీటు అరగక ఏమవుతుంది?

ఉదయంపూట వాడే పెట్రోలు ద్వారా కొద్దిగా సీసం అందుతుండేది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మసాగారు. ఆ కొద్దిపాటి రక్షణ కూడ పోయింది. అయితే సీసం తీసివేయడం తప్పని నేను అనను. అది పసిపిల్లల మెదడుకు విషం. ఇంజను సీట్లను కాపాడిన ఆ సీసమే బజారులోని ప్రతి బిడ్డ ఊపిరిలోకి పోయింది. 2021లో అల్జీరియాలో కూడ ఆపివేయడంతో ప్రపంచంలో ఎక్కడా రోడ్డు బండ్లకు సీసం పెట్రోలు అమ్మడం లేదు.

తప్పు గ్యాసుది కాదు. మెత్తని సీట్లున్న ఇంజనుకు ముందుగా గట్టి సీట్లు వేయించక, ట్యాపెట్లు చూడక గ్యాసు పెట్టడం తప్పు. ఆ సలహా ఇవ్వవలసినవాణ్ణి నేను.

మేస్త్రీ హెడ్డును కోసి, గట్టి లోహపు రింగులు దిగగొట్టి, కొత్త వాల్వులు వేశాడు. ఆ ఖర్చుకు మా మరదలు తన గాజులు తాకట్టు పెట్టింది. మా అమ్మాయి పెండ్లి దగ్గరలో ఉండి నేను చేతులు ముడుచుకొన్నాను. ఆ గాజులు విడిపించుకోవడానికి వారికి రెండు సంవత్సరాలు పట్టింది. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు చప్పుడు తగ్గితే సంతోషించమన్యావే" అని ఒక్కసారి అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

2000లో మోటారు వాహన చట్టాన్ని సవరించి ఎల్.పి.జి.ని అనుమతించారు. 2001లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. వంట సిలిండరు నిషిద్ధం. బండికే బిగించిన ప్రత్యేక ట్యాంకు ఉండాలి, దానిని ఎనభై శాతానికి మించి నింపరాదు, ఆమోదం పొందిన కిట్టే వాడాలి. ఆ తరువాత తమ్ముడు సరియైన ట్యాంకు పెట్టించి, 2009లో బండి అమ్మేవరకు గ్యాసుతోనే నడిపాడు. ఐదువేల కిలోమీటర్లకు ఒకసారి ట్యాపెట్లు నేనే చూచేవాణ్ణి. అడగకుండానే ఆదివారం గేజి పట్టుకొని పోయేవాణ్ణి. మళ్ళీ సీట్లు దిగలేదు.

మీ పిల్లలవద్ద గ్యాసు బండ్లు ఉంటే ఒక మాట చెప్పండి. ఫాక్టరీలోనే గ్యాసుకు తయారుచేసిన ఇంజనైతే సీట్లు అందుకు తగిన లోహంతోనే వస్తాయి. తరువాత కిట్టు పెట్టించినదైతే సీట్ల సంగతి అడిగి తెలుసుకోవాలి. ట్యాపెట్ల సందు కొలిపించి, ఆ అంకె పుస్తకంలో వ్రాసుకోవాలి. ఒకసారికి మరొకసారికి సందు తగ్గుతున్నదంటే సీటు దిగుతున్నదన్నమాట. ట్యాంకును నిర్ణీత కాలానికి పరీక్ష చేయించాలి. ఇంజను ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే ఎవరు ఎంత అనుభవజ్ఞుడు బాగుందని చెప్పినా, మూత విప్పి చూపించండి.

మా తమ్మునికి ఇప్పుడు డెబ్బది దాటింది. ఈ వ్యాసం అచ్చయిన తరువాత సంచిక ఒకటి పట్టుకొనిపోయి, మరదలి ఎదుట చదివి వినిపిస్తాను.

సెలవు.