ద్రాక్షలు లేని కాలంలో ద్రాక్షతోట



ఎక్సైజు శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయిన నేను జీవితంలో ఒక్క చుక్క ముట్టినవాణ్ణి కాను. అటువంటి నన్ను మొన్న అమెరికా వెళ్ళినప్పుడు మా అల్లుడు కాలిఫోర్నియాలోని నాపా లోయకు, వైను తయారుచేసే చోటికి తీసుకెళ్తానంటే గుండె గుభేలుమంది. "తాగడానికి కాదు మామయ్యా, చరిత్ర చూద్దాం రండి" అన్నాడు.

జనవరి నెల. అక్కడ కోతలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగుతాయి. అప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనమట. మేం వెళ్ళేసరికి తీగలు మోడులై ఉన్నాయి. సాళ్ళ మధ్య ఆవచేలు పచ్చగా పూశాయి. వసంతంలో వాటిని దున్ని ఎరువుగా కలిపేస్తారు. కూలీలు ఒక్కో కొమ్మకు రెండేసి కళ్ళు వదిలి కత్తిరిస్తున్నారు. రద్దీ లేదు కనుక గైడుగా ఉన్న పెద్దావిడ మాకు తీరిగ్గా అన్నీ చెప్పింది.

మేం చూసిన బెరింజర్ సంస్థ 1876లో మొదలైంది. కొండను తొలిచిన దాని సొరంగాల్లో ఎండాకాలం కూడా చల్లగానే ఉంటుందట. వాటిని చేత్తో తవ్వినవారు చైనా కూలీలు. 1882లో ఆ దేశపు కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది. తవ్విన చేతుల పేర్లు ఎక్కడా కనపడలేదు.

1920 జనవరిలో దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. ఎన్నో వైనరీలు మూతపడ్డాయి. కొందరు రైతులు తీగలు పీకి ప్రూన్, వాల్‌నట్ చెట్లు వేసుకున్నారు. చర్చి పూజలకు వైను సరఫరా చేసే అనుమతితో బెరింజర్, బోల్యూ వంటివి నిలబడ్డాయి. ఇంటి వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పండ్లరసం చేసుకోవచ్చని వెసులుబాటు ఉండేది. ద్రాక్షపళ్ళు రైలుపెట్టెల్లో తూర్పు నగరాలకు వెళ్ళాయి. ఆ రసం పులిస్తే ఏమవుతుందో మా శాఖవారికి చెప్పనక్కరలేదు! 1933 డిసెంబరులో నిషేధం ఎత్తేశారు. 1976లో పారిస్‌లో జరిగిన పోటీలో నాపా వైనులు ఫ్రెంచి వైనులను ఓడించాయి.

ఆవిడ "నిషేధం మా లోయను ముంచింది" అంటుంటే నా మనసు నెల్లూరు జిల్లా దూబగుంటకు వెళ్ళింది. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. 1995 జనవరిలో మన రాష్ట్రంలో సంపూర్ణ నిషేధం వచ్చింది. దొంగసరుకు పట్టుకోవడానికి చెక్‌పోస్టుల్లో రాత్రులు గడిపాం. 1997లో నిషేధం సడలించారు. దుకాణాల లైసెన్సు ఫైళ్ళు కట్టినవారిలో నేనూ ఒకణ్ణి. షాపులు తెరిచాక మా అన్నయ్య మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడు. 2001లో పోయాడు. ఆ ఫైళ్ళు ఈనాటికీ నా కళ్ళముందు మెదులుతాయి.

ఆవిడ లెక్క తోటలది, పీపాలది. అదీ నిజమే. తిరిగొచ్చాక ఈ సంగతంతా వదినకు చెప్పి, "నిషేధం ఓడిపోయిందనే అంటారు అందరూ" అన్నాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "ఏమో నాయనా, ఆ రెండేళ్ళూ మీ అన్నయ్య సందెవేళకు ఇంటికొచ్చి పిల్లలతో కలిసి అన్నం తిన్నాడు" అంది.

ఈ లెక్క మా ఆఫీసు రిజిస్టర్లలో ఏ కాలమ్‌లోనూ లేదు. ఆ రోజుల్లో పనిచేసిన మిత్రులు తమ అనుభవాలు కూడా మన పత్రికకు రాసి పంపితే బాగుంటుందని నా మనవి.